మూకీ స్టార్లు టాకీలు రాగానే ఎందుకు పోయారు? నిజంగా గొంతు వల్లేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1930ల బొంబాయిలో ఒక మూకీ హీరోయిన్ మీద షార్ట్ ఫిల్మ్ రాస్తున్నారు, మాటల సినిమా వచ్చాక ఆమె గొంతు బాగోలేదని స్టూడియో వాళ్ళు పక్కన పెట్టేస్తారు, అదే మీ కథ. ఇది నమ్మేలా ఉందా, అప్పటివాళ్ళలో ఎవరైనా మళ్ళీ నిలదొక్కుకున్నారా, ఏం చేసి నిలదొక్కుకున్నారు అని అడిగారు.

సూటిగా చెప్తానండి. గొంతు బాగోలేక పోయినవాళ్ళు చాలా తక్కువ. మన దగ్గర ముందు దెబ్బ కొట్టింది భాష, తర్వాత పాట, ఆ తర్వాత ఒళ్ళు. ఒళ్ళు అంటే మైకు ముందు ఒంటిని ఎలా పెట్టుకోవాలో తెలియకపోవడం. నిలదొక్కుకున్నవాళ్ళు ఉన్నారు, అందరికంటే పెద్ద ఉదాహరణ సులోచన, ఆమె చేసింది ఒక్కటే, ఏడాది ఆగి భాష నేర్చుకుని వచ్చింది. మీ కథకి ఆ ఏడాదే అసలు సరుకు అని నా నమ్మకం.

నా సంగతి కాస్త చెప్పాలి లేకపోతే ఇదంతా ఎందుకు చెప్తున్నానో తెలీదు. నేను 26 ఏళ్ళుగా డబ్బింగ్ చెప్పిస్తున్నా, మొదట కోడంబాకంలో, తర్వాత హైదరాబాద్‌లో. ఈ మధ్య సింక్ సౌండ్ షూటింగులకి, అంటే డబ్బింగ్ లేకుండా సెట్‌లోనే మాట రికార్డ్ చేసే వాటికి, డైలాగ్ కోచ్‌గా కూడా వెళ్తున్నా. తెలుగు రాని హీరోయిన్‌ల చేత తెలుగు పలికించడం నా రోజువారీ పని. అందుకే మూకీ వాళ్ళ కథ నాకు పాత కథలా అనిపించదు, వారానికి ఒకసారి కళ్ళముందు జరిగేదే.

ముందు సులోచన. అసలు పేరు రూబీ మైయర్స్, 1907లో పూనాలో పుట్టింది, బాగ్దాదీ యూదుల కుటుంబం. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తుంటే కోహినూర్ ఫిల్మ్ కంపెనీ మోహన్ భవ్నానీ సినిమాల్లోకి పిలిచాడు, మొదట కాదంది కూడా. తర్వాత ఇంపీరియల్ కంపెనీకి వచ్చి దేశంలోనే అతిపెద్ద స్టార్ అయింది. నెలకి 5000 రూపాయల జీతం, ఆ రోజుల్లో! బొంబాయి గవర్నర్ కంటే ఎక్కువ తీసుకుంటుందని జనం చెప్పుకునేవాళ్ళు. 1927లో 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే' అనే సినిమాలో ఒక్కతే 8 వేషాలు వేసింది, తోటమాలి, పోలీసు, అరటిపళ్ళు అమ్మే మనిషి, తెల్లదొరసాని, ఆఖరికి ఒక హైదరాబాదీ పెద్దమనిషి కూడా.

ఆ హైదరాబాదీ పెద్దమనిషి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మూకీలో ఆ వేషానికి బట్టలు, టోపీ, నడక ఉంటే చాలు. తెర మీద టైటిల్ కార్డు పడుతుంది, రెండు మూడు భాషల్లో, చదువు రానివాళ్ళ కోసం హాల్లో ఒకాయన గట్టిగా చదివి చెప్తాడు, అయిపోయింది. అదే టాకీలో ఆయన నోరు తెరవాలి. తెరిస్తే హైదరాబాద్ ఉర్దూ రావాలి. మాట వచ్చిన రోజున సులోచన పోగొట్టుకున్నది గొంతు కాదు, ఎవరైనా అయిపోగలిగే స్వేచ్ఛ. మూకీలో ఆమెకి ఊరు లేదు, భాష లేదు, మతం లేదు, ఏ వేషం వేస్తే ఆ మనిషే. నోరు తెరవగానే ఎక్కడ పుట్టిందో ఏ ఇంట్లో పెరిగిందో అంతా బయటపడిపోతుంది.

ఇప్పుడు 1931 మార్చి 14, బొంబాయి మెజెస్టిక్ సినిమాలో 'ఆలం ఆరా' రిలీజ్. తీసింది అర్దేషిర్ ఇరానీ, కంపెనీ ఇంపీరియల్, అంటే సులోచన ఉన్న కంపెనీయే. మరి తమ దగ్గర అంత పెద్ద స్టార్ ఉండగా మొదటి మాటల సినిమాలో హీరోయిన్ ఎవరు? జుబేదా. ఆమె కూడా మూకీల నుంచి వచ్చిన మనిషే. మూకీ వాళ్ళని గంపగుత్తగా తీసేశారు అనుకుంటే తప్పని ఇక్కడే తెలిసిపోతుంది, భాష ఉన్నవాళ్ళు హాయిగా దాటేశారు. పృథ్వీరాజ్ కపూర్ కూడా మూకీల్లో మొదలుపెట్టి అదే సినిమాతో ఇటు వచ్చాడు, ఆయనకి భాషతో ఇబ్బందేముంది.

అదే సినిమాలో హీరో మాస్టర్ విఠల్ సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. ఫైటింగ్ సినిమాల్లో పెద్ద స్టార్. ఈ సినిమా చెయ్యడానికి వేరే స్టూడియోతో ఉన్న కాంట్రాక్ట్ వదిలేసి వస్తే వాళ్ళు కేసు పెట్టారు, ఆయన తరఫున వాదించింది మహమ్మదలీ జిన్నా. కేసు గెలిచాడు, సెట్‌కి వచ్చాడు, హిందుస్తానీ నోరు తిరగలేదు. దాంతో సినిమాలో ఎక్కువ భాగం ఆయన్ని మత్తులో ఉన్నట్టు, స్పృహ లేనట్టు చూపించారు. మొదటి మాటల సినిమా హీరోకి మాటలే లేవు, ఎంత కష్టంగా ఉండుంటుందో ఆ మనిషికి. కానీ తర్వాత ఏమైంది? మరాఠీ సినిమాల్లో చాలా ఏళ్ళు చేశాడు. సొంత భాష అది. గొంతు అదే, మనిషి అతనే, భాష మారితే మాట వచ్చింది. మీ కథలో గొంతు బాగోలేదు అన్న పాయింట్ తీసెయ్యమని నేనంటున్నది ఇందుకే.

జాన్ గిల్బర్ట్ అని హాలీవుడ్ ఆయన పేరు మీరు విని ఉంటారు, గొంతు కీచుగా ఉందని పోయాడని అందరూ రాస్తారు. ఆయన మాటల సినిమాలు ఇప్పటికీ దొరుకుతాయి, 1933లో గ్రెటా గార్బోతో చేసింది చూడండి, గొంతు శుభ్రంగా ఉంది. 1929లో జనం నవ్వింది ఆయన చేత పలికించిన ప్రేమ డైలాగులకి. కార్డు మీద చదివితే బాగున్న మాట నోటితో అంటే వెగటుగా ఉంటుంది, ఆ తేడా అప్పటికి రాసేవాళ్ళకి కూడా తెలీదు.

సరే, భాష నేర్చుకోవడం అంటే ఏంటి? ఇది చాలామంది రైటర్లు ఒక పాట మీద మాంటేజ్‌లో, అంటే చిన్న చిన్న షాట్లు గబగబా అతికించి, తేల్చేస్తారు, అందుకే కొంచెం దగ్గరగా చూపిస్తా.

కొన్నేళ్ళ క్రితం ఒక హీరోయిన్, ముంబై అమ్మాయి, నా గొంతు నేనే చెప్పుకుంటా మేడం అని పట్టుబట్టింది. మంచి గొంతు, చెవి కూడా బాగుంది. మొదటి రోజు లూప్‌లో, అంటే డబ్బింగ్ కోసం తెర మీద మళ్ళీ మళ్ళీ వేసే సినిమా ముక్కలో, వచ్చిన డైలాగ్ "పెళ్ళికొడుకు ఇంకా రాలేదా?" అని. తను అంది, "పేల్లికోడుకు". ఆ ఒక్క మాటలో ఎన్ని ఉన్నాయో చూడండి. హిందీలో ఎ, ఒ పొట్టివి లేవు, అంచేత పె కాస్తా పే అవుతుంది, కొ కాస్తా కో అవుతుంది. ళ లేదు, కాబట్టి ల. సరే అవి దిద్దాం. దిద్దితే ఏమైంది, నాలుక మీద ధ్యాస పెట్టేసరికి కంగారు పోయింది, పెళ్ళికొడుకు రాలేదన్న భయం గొంతులో లేదు, పాఠం అప్పజెప్పినట్టు ఉంది. భయం తెస్తే మళ్ళీ ళ పోయింది. రెండూ కుదిరితే లిప్ పోయింది, తెర మీద పెదాలు మూసుకున్నాక మాట వస్తోంది. ఆ ఒక్క ముక్కకి మధ్యాహ్నం అంతా పట్టింది. సాయంత్రం నాలుగింటికి టీ తాగుతూ మామూలుగా ఎవరితోనో ఫోన్‌లో హిందీలో మాట్లాడుతూ మధ్యలో నాకేసి తిరిగి "మేడం, పెళ్ళికొడుకు" అంది, పర్ఫెక్ట్‌గా! వెంటనే లోపలికి లాక్కెళ్ళి టేక్ చేసేశా. ఆ అమ్మాయి ఒక సినిమా మొత్తం తన గొంతుతో చెప్పడానికి 11 నెలలు పట్టింది. అది కూడా రోజూ ఇంటికి ట్యూటర్ వస్తే.

అందుకే సులోచన ఏడాది ఆగింది అని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, సరిగ్గా అంతే పడుతుంది కాబట్టి. పైగా ఆమెకి డబ్బింగ్ థియేటర్ లేదు, రీటేక్ అంటే మళ్ళీ ఫిల్మ్ ఖర్చు. నెలకి అయిదు వేలు తెచ్చుకునే స్టార్, పరిశ్రమ మొత్తం మారిపోతున్న టైంలో, కొత్త మొహాలు రోజుకొకటి వస్తుంటే, ఇంట్లో కూర్చుని అక్షరాలు దిద్దుకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి.

రెండోది పాట. ఇది మీ స్క్రిప్ట్‌లో అసలు లేదు, తప్పకుండా ఉండాలి. ప్లేబ్యాక్ మన దగ్గరికి వచ్చింది 1935లో, కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్ళ సినిమాతో. అంటే 1931 నుంచి ఆ నాలుగేళ్ళు తెర మీద ఎవరు కనిపిస్తే వాళ్ళే పాడాలి, అక్కడికక్కడే, వాయిద్యాలవాళ్ళు కెమెరాకి కనపడకుండా పక్కన దాక్కుని వాయిస్తుంటే. ఆలం ఆరాలో 7 పాటలు. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'ఇంద్రసభ'లో డెబ్బై దాకా ఉన్నాయి! దాంతో స్టూడియోలన్నీ నాటకాలవాళ్ళ వెంట పడ్డాయి.

మన తెలుగులో అయితే ఇది ఇంకా స్పష్టం. 1932 ఫిబ్రవరి 6న వచ్చిన 'భక్త ప్రహ్లాద'ని హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో ఇరానీ కంపెనీకే తీశారు, సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య, అందరూ రంగస్థలం వాళ్ళు. పద్యం ఎత్తుకుంటే మైకు లేకుండా ఆఖరి వరుసకి వినిపించినవాళ్ళు. అలాంటివాళ్ళు దొరుకుతుంటే మూకీ స్టార్‌ని కూర్చోబెట్టి రాగం నేర్పించే ఓపిక ఏ ప్రొడ్యూసర్‌కి ఉంటుంది.

మూడోది ఒళ్ళు. ఇది పుస్తకాల్లో పెద్దగా రాయరు, మా పనిలో మాత్రం రోజూ కనిపిస్తుంది.

ఆలం ఆరా తీసిన పద్ధతి చూడండి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు, పగలు రైళ్ళ మోత, అందుకని అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి నాలుగింటి మధ్య షూటింగ్. బూమ్, అంటే నటుల తల మీదుగా పట్టుకునే పొడుగు కర్ర మైకు, లేదు, మైకులు సెట్‌లోనే అక్కడక్కడా దాచిపెట్టేవాళ్ళు. మాట, బొమ్మ రెండూ ఒకే ఫిల్మ్ మీద ఒకేసారి పడేవి, అంటే మాట తప్పితే బొమ్మ కూడా పోయినట్టే. మూకీలో షాట్ నడుస్తుండగానే డైరెక్టర్ అరిచి చెప్తాడు, ఇటు చూడమ్మా, ఇప్పుడు ఏడు, ఇంకొంచెం అని. ఆ గొంతు పట్టుకునే వాళ్ళు నటించేది. టాకీ సెట్‌లో ఆ గొంతు ఒక్కసారిగా ఆగిపోయింది. నిశ్శబ్దం. పదేళ్ళు ఆ అరుపుల్లో పనిచేసిన మనిషికి ఆ నిశ్శబ్దం ఎలా ఉండుంటుందో మీ సినిమాలో చూపించండి, డైలాగ్ అక్కర్లేదు.

ఇంకోటి, మూకీ కెమెరాని చేత్తో తిప్పేవాళ్ళు, సెకనుకి 16 నుంచి 20 ఫ్రేముల లోపు అటూ ఇటూగా, కెమెరామాన్ చెయ్యి బట్టి వేగం మారేది. మాట వచ్చాక 24కి కట్టేశారు. కదలిక కొంచెం మెల్లగా చేసినా తెర మీద చురుగ్గా కనిపించే పాత వెసులుబాటు పోయింది.

గాజుల సంగతి చెప్తా. మొన్న ఒక సిరీస్‌కి సింక్ సౌండ్‌లో తీస్తున్నాం, పెళ్ళింటి సీన్, హీరోయిన్ రెండు చేతుల నిండా మట్టి గాజులు, పట్టుచీర. ఏడుస్తూ అమ్మ చెయ్యి పట్టుకునే షాట్. మానిటర్‌లో చూస్తే గుండె కరిగిపోతోంది, హెడ్‌ఫోన్స్‌లో వింటే గలగల తప్ప ఏం లేదు. గాజులు జతలు జతలుగా విడదీసి లోపలివైపు సన్నగా టేప్ అంటించి, చీర కుచ్చిళ్ళు తడిచేత్తో నొక్కి మళ్ళీ తీశాం. ఈసారి శబ్దం లేదు, కానీ ఆ అమ్మాయి చేతులు బిగుసుకుపోయాయి, శబ్దం వస్తుందేమో అన్న భయంతో. ఇప్పటి మైకుకే ఇలా ఉంటే 1931 మైకుకి ఎలా ఉంటుంది?

దీనికంటే లోతైనది మొహం. కూచిపూడి నేర్చుకున్న ఒక అమ్మాయి ఆడిషన్‌కి వచ్చింది, కళ్ళు అద్భుతం. డైలాగ్ ఒకటే మాట, "రాను". తండ్రి పిలిస్తే చెప్పేది. కనుబొమ్మ ఎత్తింది, మెడ తిప్పింది, కళ్ళతో రాను అనేసింది, ఆ తర్వాత నోటితో "రాను" అంది. ఒకే మాట రెండుసార్లు విన్నట్టయింది నాకు. తప్పు ఆమెది కాదు, ఆమె నేర్చుకున్న కళలో మొహమే మాట. మూకీ నటులందరిదీ ఇదే చిక్కు. మొహం ముందు చెప్పేస్తుంది, తర్వాత మాట వచ్చి అదే చెప్తుంది, జనానికి అతి అనిపిస్తుంది. నేనేం చేశానంటే ఒక బుట్టలో చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తీస్తూ చెప్పమన్నా. కళ్ళు కాయల మీద ఉన్నాయి, నోటితో "రాను" అంది. అంతే, నాలుగో టేక్‌కి గదిలో ఉన్నవాళ్ళంతా ఆమెకేసి తిరిగారు. చేతికి పని ఇస్తే మొహం ఖాళీ అవుతుంది, అప్పుడు మాటకి చోటు దొరుకుతుంది.

ఇక సులోచన తిరిగొచ్చిన పద్ధతి చూడండి, నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే. 1932లో ఏ సినిమాతో వచ్చింది? 'మాధురి'. తన సొంత మూకీ హిట్టే, మాటలతో మళ్ళీ. తర్వాత 1929 నాటి 'ఇందిరా బి.ఎ.' 1934లో 'ఇందిరా ఎం.ఎ.' అయింది. 1935లో 'అనార్కలి', అదీ 1928లో తను చేసిందే. 1936లో వైల్డ్‌క్యాట్‌ని 'బంబయీ కీ బిల్లీ'గా. ఇది పాత పేరు వాడుకోవడం మాత్రమే అని కొందరంటారు, నేను ఒప్పుకోను. కోచ్‌గా చెప్తున్నా, కొత్త భాషలో నటించేవాళ్ళకి అన్నీ కొత్తవైతే బుర్ర పనిచెయ్యదు. కథ తెలుసు, ఎక్కడ ఏడవాలో తెలుసు, ఎక్కడ తిరగాలో ఒంటికి గుర్తుంది, ఇంక నేర్చుకోవాల్సింది మాట ఒక్కటే. నేను కూడా భాష రానివాళ్ళకి మొదట వాళ్ళు ఇదివరకు చేసిన సీన్‌నే తెలుగులో ఇస్తా.

1928లో ఇంకో అనార్కలి సినిమా కూడా వచ్చింది, అందులో అనార్కలి సీతాదేవి, అసలు పేరు రెనీ స్మిత్, ఆంగ్లో ఇండియన్ అమ్మాయి, నిర్మాత హిమాంశు రాయ్ సినిమాలతో విదేశాల్లో కూడా పేరు. మాటలొచ్చాక ఆమె కెరీర్ ముగిసిపోయింది. ఒకే ఏడాది ఇద్దరు అనార్కలులు, ఇద్దరికీ హిందుస్తానీ ఇంటిభాష కాదు, ఒకామె మాయమైంది, ఒకామె ఏడేళ్ళ తర్వాత అదే అనార్కలిగా మాట్లాడింది. మీ కథ అంతా ఈ ఇద్దరి మధ్యే ఉందండి.

అందరూ సులోచన దారే పట్టలేదు. మన నెల్లూరు మనిషి వై.వి. రావు గారు, నటి లక్ష్మి గారి నాన్నగారు, మూకీల్లో హీరో, మూకీలు డైరెక్ట్ కూడా చేశారు. మాటలొచ్చాక ఎక్కువగా కెమెరా వెనక్కి జరిగారు. 1934లో కన్నడంలో మొదటి టాకీ 'సతీ సులోచన' ఆయన తీసిందే, 1937లో తమిళంలో 'చింతామణి', 1939లో తెలుగులో 'మళ్ళీ పెళ్ళి', అందులో కాంచనమాల పక్కన తనే హీరో. ఒక భాషలో నిలబడ్డానికే జనం అల్లాడుతుంటే ఈయన మూడు భాషల్లో తీశారు. ఈయన మీద తెలుగులో ఇంకా చాలా రాయాలి, అది వేరే పోస్ట్.

ఒక జాగ్రత్త చెప్పాలి. సులోచన గెలుపు శాశ్వతం అన్నట్టు రాయకండి. 1930ల చివరికి పాడగలిగే కొత్తవాళ్ళు వచ్చేశారు, ఆమె పెద్ద వేషాలు తగ్గాయి, తర్వాత చిన్న వేషాలకి వచ్చింది. 1953లో మళ్ళీ అనార్కలి తీశారు, అందులో ఆమె సలీం తల్లి. 1928లో, 1935లో అనార్కలి తనే, మూడోసారి వేరే అమ్మాయి అనార్కలి అయితే ఎదురుగా నిలబడి చూసే తల్లి. 1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు, 1983లో పోయింది. ఆలం ఆరా ప్రింట్ కూడా మనకి మిగల్లేదు, ఆమె మూకీలు చాలావరకు పోయాయి, అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మీ స్క్రిప్ట్‌కి నా సలహాలు మూడే. గొంతు బాగోలేదన్న సీన్ తీసేసి, గొంతు చాలా బాగుంది కానీ మాట తనది కాదు అన్న సీన్ పెట్టండి. మీ అమ్మాయి ఇంగ్లీష్ మాట్లాడే ఇంట్లోంచి వచ్చిందనుకుంటే ఆమె చిక్కు త కీ ట కీ మధ్య, ద కీ డ కీ మధ్య, ఖ ఘ లాంటి ఒత్తుల దగ్గర, "తుమ్" అనమంటే "టుమ్" వస్తుంది, భాష నేర్పే మున్షీ గారు ఎదురుగా కూర్చుని మళ్ళీ అనమంటారు. ఏడాదిని మాంటేజ్ చెయ్యకుండా, ఒక్క మాట పట్టుకుని ఆ మాట ఆమె నోట్లో నెలనెలా ఎలా మారిందో వినిపించండి. మొదటి టాకీ షాట్ రాత్రి రెండింటికి పెట్టండి, రైలు వెళ్ళేదాకా అందరూ ఊపిరి బిగపట్టి ఆగాలి, ఆమె ముంజేతి గాజులు ఒక్కొక్కటే తీసి పక్కనున్న అమ్మాయి చేతిలో పెట్టాలి.

సీన్ పేపర్ రెడీ అయ్యాక ఇక్కడే పెట్టండి, డైలాగుల వరకు నేను చదివి చెప్తా.